పక్క సాలు లేని లెక్కను నమ్మొద్దు

వానాకాలం విత్తనాల రోజులు దగ్గర పడుతున్నాయి. టీవీ పెడితే విత్తనాల ప్రకటన, బస్టాండు గోడ మీద పురుగుమందు ప్రకటన, ఫోన్ తెరిస్తే ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు తీశానంటూ ఒక వీడియో. తలపాగా చుట్టిన నటుడు తెల్లగా విచ్చిన పత్తి చేలో నిలబడి ప్యాకెట్టు ఎత్తి చూపిస్తాడు. చేను బాగుంది, ప్యాకెట్టూ కనిపిస్తోంది. ఆ చేను ఆ ప్యాకెట్టు వల్లనే అలా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఆ అర నిమిషంలో ఎక్కడా రాదు. పక్కనే అదే నేలలో, అదే రోజు, అదే ఎరువుతో వేరే విత్తనం వేసి ఉంటే ఏమయ్యేదో చూపించేవాళ్లు లేరు.

ఈ సంచిక అందేసరికి చాలామంది రైతులు ఏ విత్తనం కొనాలో తేల్చుకునే పనిలోనే ఉంటారు. అందుకే ఈసారి సంపాదకీయాన్ని ధరల మీదో, రుణమాఫీ మీదో కాకుండా ఒక చిన్న పద్ధతి మీద రాస్తున్నాం. హైస్కూలు పిల్లలు సైన్సు పాఠంలో నేర్చుకునేదే అది. పుస్తకంలో చరరాశులు, నియంత్రణ అని ఉంటుంది. పేర్లు బరువుగా ఉన్నా సంగతి తేలికే. దాన్ని పట్టించుకోనందుకు రైతు చెల్లించే మూల్యం మాత్రం తేలిక కాదు.

ఫిల్మ్ నగర్‌లో రెండు పద్ధతులు

ఇలాంటి ప్రకటనలకు కావలసిన తారలు, గొంతులు, ఎడిటింగ్ గదులు అన్నీ ఉన్న చోటు హైదరాబాద్‌లోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్. మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు సినిమా ఆ కొండరాళ్ల మధ్యే స్థిరపడింది. అక్కడ పనిచేసే అసిస్టెంట్ డైరెక్టర్లకు కంటిన్యుటీ చూడటం అని ఒక బాధ్యత ఉంటుంది. ఒకే సన్నివేశాన్ని రెండు రోజులు తీయాల్సి వస్తే, మొదటి రోజు హీరో చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, గ్లాసులో నీళ్లు ఎంత వరకు ఉన్నాయి, గోడ గడియారం ఎంత చూపిస్తోంది, వెలుతురు ఏ వైపు నుంచి పడుతోంది అని రాసిపెట్టుకుంటారు. రెండో రోజు అవన్నీ అలాగే ఉండాలి. మారాల్సింది మాత్రమే మారాలి, మిగతావి కదలకూడదు. ప్రయోగం అంటే సరిగ్గా ఇదే.

అదే ఫిల్మ్ నగర్‌లో సినిమా విడుదలయ్యాక పద్ధతి తలకిందులవుతుంది. సినిమా ఆడితే సంక్రాంతికి విడుదల చేయడం వల్ల ఆడిందంటారు, ఆ హీరో హీరోయిన్ల జంట వల్ల ఆడిందంటారు, పేరులో ఒక అక్షరం కలిపినందుకు ఆడిందంటారు. దాన్ని సెంటిమెంట్ అని గౌరవంగా పిలుస్తారు. కథ, పాటలు, పోటీగా వచ్చిన సినిమాలు, టికెట్ ధర, సెలవులు అన్నీ ఒకేసారి మారాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని దానికే కిరీటం పెడతారు. అదే సినిమాను వేరే రోజు విడుదల చేసి చూసే వీలు ఎవరికీ లేదు కాబట్టి ఆ మాటను కాదనే వీలూ ఎవరికీ లేదు.

సినిమా వాళ్లు సెంటిమెంటుతో పోగొట్టుకుంటే అది నిర్మాత డబ్బు. పొలంలో సెంటిమెంటు నడిస్తే పోయేది ఏడాది బతుకు. నిరుడు పక్క ఊళ్లో ఫలానా రకానికి పన్నెండు క్వింటాళ్లు వచ్చాయట అన్న మాట మీద ఈ ఏడు ఊరంతా అదే ప్యాకెట్టు కోసం వరసలో నిలబడుతుంది. ఆ పన్నెండు క్వింటాళ్ల చేను నల్లరేగడిలో ఉందా, బోరు ఉందా, ఎన్ని బస్తాల ఎరువు పడింది, నిరుడు వాన ఏ వారంలో కురిసింది అని అడిగేవాళ్లు తక్కువ.

మార్చేది, కొలిచేది, మార్చకూడనివి

పుస్తకంలోని మాటలను పొలం భాషలో చెప్పుకుందాం. ఏ పరీక్షలోనైనా మూడు రకాల విషయాలు ఉంటాయి. మొదటిది మనం కావాలని మార్చేది. విత్తనం కావచ్చు, మందు కావచ్చు, సాళ్ల మధ్య దూరం కావచ్చు. ఒక పరీక్షలో అది ఒక్కటే ఉండాలి. రెండోది మనం కొలిచేది. దిగుబడి, పిచికారీల సంఖ్య, కూలి ఖర్చు, చివరికి చేతికి మిగిలిన డబ్బు. మూడోది మారకుండా చూసుకోవలసినవి. నేల, విత్తిన తేదీ, ఎరువు, నీరు, కలుపు తీత, ఇలా అన్నీ. ఈ మూడూ కుదిరాక పక్కనే ఏ మార్పూ చేయని ఒక పట్టీ ఉండాలి. వ్యవసాయ శాస్త్రవేత్తలు దాన్ని చెక్ ప్లాట్ అంటారు. మనం పక్క సాలు అందాం. పోల్చడానికి పక్క సాలు లేకపోతే ఎంత పెద్ద దిగుబడి అయినా కథే అవుతుంది గాని రుజువు కాదు.

ఈ ఆలోచన పుట్టి పెరిగింది పొలంలోనే. ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో 1843లో బ్రాడ్‌బాక్ అనే చేనులో గోధుమ మీద ఎరువుల పరీక్ష మొదలుపెట్టారు. ఒక్కో పట్టీకి ఒక్కో రకం ఎరువు వేశారు. ఒక పట్టీకి మాత్రం ఏదీ వేయలేదు. ఆ పట్టీకి నేటికీ ఎరువు వేయరు. మిగతా పట్టీల లెక్క ఆ ఉత్త పట్టీ పక్కన పెడితేనే తేలుతుంది. 1919లో అదే కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ మరో రెండు సూత్రాలు గట్టిపరిచాడు. ఒక్క మడి ఫలితాన్ని నమ్మవద్దు, అదే పరీక్షను చాలా మడుల్లో చేయాలి. ఏ మడికి ఏది వేయాలో మన ఇష్టప్రకారం కాక చీటీ వేసి తేల్చాలి. కారణం ఏ రైతుకైనా తెలిసిందే. ఒకే పొలంలో ఎగువ మడి, దిగువ మడి ఒకటి కావు. పెంటకుప్ప పోసిన చోటు, కల్లం చేసిన చోటు, చింతచెట్టు నీడ పడే చోటు ఒకటి కావు. మనకు నచ్చిన విత్తనాన్ని మంచి మడిలో వేస్తే గెలిచేది మడి, పేరు వచ్చేది విత్తనానికి.

వరంగల్ పత్తిలో తేలిన సంగతి

ఈ పాఠం విలువ ఎంతో తెలుగు రైతుకు బీటీ పత్తి విషయంలో తెలిసివచ్చింది. 2002 మార్చిలో జీఈఏసీ దేశంలో మొదటిసారి మహికో సంస్థకు చెందిన మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. అంతకు ముందు ఏడాది, అంటే 2001లో, రైతుల పొలాల్లో పరీక్షలు జరిగాయి. వాటిలో 157 పొలాల లెక్కలను మార్టిన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2003లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక్కో పొలంలో మూడు మడులు పక్కపక్కనే వేశారు. ఒకదానిలో బీటీ హైబ్రిడ్. రెండోదానిలో అదే హైబ్రిడ్, బీటీ జన్యువు లేకుండా. మూడోదానిలో ఆ ప్రాంతంలో రైతులు మామూలుగా వేసే మరో హైబ్రిడ్. బీటీ దిగుబడి రెండో మడి కన్నా సగటున 80 శాతం, మూడో మడి కన్నా 87 శాతం ఎక్కువ వచ్చిందని రాశారు.

ఈ పరీక్ష అమరికలో నేర్చుకోవలసింది ఉంది. రెండు పక్క సాళ్లు పెట్టారు, ఎందుకంటే ప్రశ్నలు రెండు. బీటీ జన్యువు ఒక్కదాని వల్ల ఎంత మేలు అన్న ప్రశ్నకు అదే హైబ్రిడ్‌ను జన్యువు లేకుండా వేసిన మడి జవాబు చెబుతుంది. నేను ఇప్పుడు వేస్తున్న రకం మానేసి దీన్ని వేస్తే నాకేమొస్తుంది అన్న రైతు ప్రశ్నకు మూడో మడి జవాబు చెబుతుంది. కంపెనీ చేసే డెమోలో ఏ పక్క సాలు ఉందో చూస్తే ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో తెలిసిపోతుంది. పక్క సాలే లేకపోతే ప్రశ్నే లేదని అర్థం.

అయితే అంత పకడ్బందీ పరీక్షలోనూ మారకుండా ఉండలేనిది ఒకటి ఉంది. అది ఏడాది. 2001లో కాయతొలుచు పురుగు ఉధృతి ఎక్కువ. పురుగు ఎక్కువున్న ఏడు పురుగును ఆపే విత్తనం గొప్పగా కనిపించడం సహజం. పైగా ఆ లెక్కలు కంపెనీ పరీక్షల నుంచి వచ్చినవని, ఒక్క ఏడాదివేనని విమర్శలు అప్పుడే వచ్చాయి. ఆ 157 పొలాలు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడుల్లోవి. మన నేల, మన వాన ఆ లెక్కలో లేవు.

2002 వచ్చింది. దేశమంతా వర్షాభావం. వరంగల్ జిల్లాలో ఆ హైబ్రిడ్లు వేసిన రైతుల అనుభవం వేరేగా ఉంది. అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి వరంగల్ రైతుల లెక్కలు సేకరించి, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి విడుదల చేసిన నివేదికలో, బీటీ వేసినవారి కన్నా వేయనివారే మెరుగ్గా ఉన్నారని చెప్పారు. కంపెనీ తరఫు సర్వేలు లాభమే చూపించాయి. ఖైమ్ బృందం 2002 సీజను మీద నాలుగు రాష్ట్రాల్లో చేసిన సర్వేలో కూడా మిగతా చోట్ల కనిపించిన మేలు ఆంధ్రప్రదేశ్‌లో కనిపించలేదు. కరువు, మన నేలలకు ఆ హైబ్రిడ్లు సరిపడకపోవడం కారణాలుగా చెప్పారు. 2005లో జీఈఏసీ ఆ మూడు హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. జన్యువు అదే, హైబ్రిడ్లు అవే. మారింది నేల, మారింది వాన. మారకూడనివి మారినప్పుడు పాత లెక్క కొత్త చోట చెల్లదు.

ఇక్కడ ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. వరంగల్ సర్వేలు బీటీ వేసిన రైతులను, వేయని రైతులను పోల్చాయి. ఒకే రైతు పొలంలో రెండు మడులను కాదు. బీటీ వేసిన రైతు ఖరీదైన విత్తనం కొన్నాడు కాబట్టి ఎరువూ ఎక్కువ వేసి ఉండవచ్చు. రెండు వైపుల నేల వేరై ఉండవచ్చు. మనకు నచ్చిన ఫలితం వచ్చిందని ఈ లోపాన్ని దాచిపెడితే, రేపు కంపెనీ అదే లోపంతో లెక్క చూపినప్పుడు నిలదీసే హక్కు మనకు ఉండదు.

దిగుబడి పెరిగింది, దేని వల్ల?

దేశం మొత్తం మీద కూడా ఇదే చిక్కు. 2002-03లో హెక్టారుకు సుమారు 300 కిలోలున్న దూది దిగుబడి 2004-05 నాటికి సుమారు 470 కిలోలకు చేరింది. ఇది బీటీ విజయమని పాలకులు, కంపెనీలు ఏళ్ల తరబడి చెప్పారు. కానీ 2004లో అధికారిక లెక్కల ప్రకారం బీటీ వేసిన విస్తీర్ణం మొత్తం పత్తిలో సుమారు ఆరు శాతమే. లెక్కకు ఎక్కని దొంగ బీటీ విత్తనం గుజరాత్ వైపు ఉంది, దాన్నీ కలుపుకోవాల్సిందే. అయినా అదే కాలంలో వానలు మెరుగుపడ్డాయి, కొత్త రకం పురుగుమందులు వచ్చాయి, ఎరువుల వాడకం పెరిగింది, హైబ్రిడ్ల విస్తీర్ణం పెరిగింది. నాగపూర్ కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన కేశవ్ క్రాంతి, మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ కలిసి 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ విషయాన్నే ముందుకు తెచ్చింది. దిగుబడి పెరుగుదల బీటీ విస్తరణ కన్నా ఎరువులతో, కొత్త పురుగుమందులతో ఎక్కువగా కలిసి నడిచిందని వాళ్లు చూపించారు. దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాదన ఇంతకాలం సాగడానికి కారణం ఒకటే. అన్నీ ఒకేసారి మారాయి, దేశానికి పక్క సాలు లేదు.

ఇప్పుడైతే ఆ పక్క సాలు పొలాల్లో కూడా మాయమైంది. బీటీ ప్యాకెట్టులో 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు సాళ్లు లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత, నాన్ బీటీ వేయాలన్నది నిబంధన. పురుగుకు బీటీని తట్టుకునే శక్తి త్వరగా రాకుండా చూడటం దాని ఉద్దేశం. ఆ పొట్లం ఎందుకో చెప్పినవాళ్లు లేరు, చాలామంది దాన్ని గట్టున పడేశారు. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం లేదని కంపెనీయే ప్రకటించింది. తర్వాత అయిదారేళ్లలో రెండో తరం బీటీని కూడా ఆ పురుగు తట్టుకుంది, మన రెండు రాష్ట్రాల పత్తినీ దెబ్బతీసింది. ఆ పొట్లం పడేయడం ఒక్కటే దీనికి కారణం కాదు. కానీ ఇవాళ దేశంలో పత్తి తొంభై శాతానికి పైగా బీటీయే. బీటీ లేని మంచి విత్తనం కావాలన్నా దొరకని స్థితి. పోల్చి చూసే అవకాశం పోయాక ఇప్పుడు బీటీకి కట్టే డబ్బుకు ఫలితం ఉందా లేదా అని రైతు ఎలా తేల్చుకోవాలి?

మూట పరీక్షలు, మనవాళ్ల పరీక్షలు

ఫిల్మ్ నగర్ నుంచి ముంబయి రహదారి పట్టుకుని వెళ్తే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. అక్కడ నల్లరేగడిలో 1976 నుంచి ఒక పరీక్ష సాగింది. ఒక వైపు పాత పద్ధతి. వానాకాలం బీడు, యాసంగిలో జొన్న లేదా శనగ, పశువుల ఎరువు మాత్రమే. రెండో వైపు ఎత్తు మడులు, కాలువలు, మెరుగైన రకాలు, వానాకాలం పంట, కందితో అంతరపంట, రసాయన ఎరువు. ముప్పై ఏళ్ల సగటు తీస్తే కొత్త పద్ధతిలో హెక్టారుకు ఏటా సుమారు 5.1 టన్నులు, పాత పద్ధతిలో 1.1 టన్నులు. గొప్ప తేడానే, పక్క సాలూ ఉంది. కానీ ఇక్కడ మారింది ఒక్కటి కాదు, మూటగా ఆరేడు మారాయి. కాబట్టి మూట మొత్తం పనిచేస్తుందని ఇది చెబుతుంది. ఆ మూటలో ఎత్తు మడి వాటా ఎంత, ఎరువు వాటా ఎంత అన్నది చెప్పదు. ఒక్క ఎరువు బస్తా అమ్మడానికి ఎవరైనా ఈ లెక్క చూపిస్తే ఒప్పుకోకూడదు. మూట పరీక్ష తప్పు కాదు. మూట లెక్కను ఒక్క వస్తువుకు కట్టబెట్టడం తప్పు.

ఇదే కొలబద్దను మనకు ఇష్టమైనవాటికీ వాడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరిస్తోంది. ఖర్చు తగ్గించే ఏ ప్రయత్నమైనా మాకు ఇష్టమే. అయితే ప్రకృతి వ్యవసాయం చేసే రైతును, చేయని రైతును పోల్చిన ప్రతి లెక్కలోనూ అడగవలసినవి ఉన్నాయి. ఆ రైతుకు పశువులు ఉన్నాయా, ఇంట్లో పనిచేసే చేతులు ఎన్ని, నేల ముందునుంచే మంచిదా, సిబ్బంది ఎన్నిసార్లు పొలానికి వచ్చారు? పశువులున్న, ఓపికున్న రైతే ముందుగా ఇటు వస్తే, గెలిచింది ఘనజీవామృతమా, ఆ రైతా? ఒకే రైతు పొలంలో రెండు పట్టీలు వేసి చూస్తే జవాబు దొరుకుతుంది.

మందుల సంగతీ ఇంతే. 2021లో మిరపకు కొత్త రకం తామర పురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణల్లో తోటలను ఊడ్చేసింది. రైతులు నాలుగు రోజులకొకటి చొప్పున దొరికిన మందల్లా కొట్టారు. ఇలాంటప్పుడు పురుగు తగ్గితే చివర కొట్టిన మందుకే పేరు వస్తుంది. వాతావరణం మారి తగ్గిందా, మందు వల్ల తగ్గిందా అని తెలియాలంటే మందు కొట్టని నాలుగు సాళ్లు ఉండాలి. బయో పేరుతో అమ్మే సీసాలను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో గాని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తేలేదు. అంతకు ముందు ఏళ్ల తరబడి అవి పచ్చదనాన్ని చూపించి అమ్ముడుపోయాయి. కొలవవలసింది ఆకు పచ్చదనం కాదు, కాటా మీద బరువు, చేతికి మిగిలిన రూపాయి. ఏది కొలవాలో విత్తే ముందే రాసుకోకపోతే, అమ్మేవాడు తనకు అనుకూలమైనదాన్ని కొలిచి చూపిస్తాడు.

నష్టపరిహారం దగ్గర పక్క సాలు

ఈ పద్ధతి అన్నిటికన్నా అవసరమయ్యేది పంట పోయినప్పుడు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ రైతులు తెచ్చుకున్నదే. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని కోర్టు చెప్పింది. పరీక్షకు పంపడానికి రైతు విత్తనం దాచి ఉంచలేదన్న సాకుతో కేసు కొట్టేయడానికి వీల్లేదని కూడా చెప్పింది. కొన్న విత్తనమంతా నేలలో వేయడమే రైతు పని కదా. ఈ తీర్పు మన చేతిలో ఉన్న మంచి ఆయుధం.

అయినా ఆచరణలో ఏం జరుగుతోందో కార్యకర్తలకు తెలుసు. మొలక రాలేదంటే వాన లేదంటారు. కాయ పట్టలేదంటే ఎరువు ఎక్కువైందంటారు. తెగులు వచ్చిందంటే రైతు యాజమాన్యం బాగాలేదంటారు. విత్తనం తప్ప మిగతా అన్నీ దోషులే. అదే చేలో, అదే రోజు, అదే చేత్తో వేసిన వేరే విత్తనం నాలుగు సాళ్లు నిండుగా కాసి కనిపిస్తే ఆ సాకులన్నీ అక్కడితో ఆగుతాయి. వాన రెండింటి మీదా ఒకేలా కురిసింది కదా అని అధికారి ముందు అడగవచ్చు. ఒకవేళ రెండూ పోతే విత్తనం మీద కేసు నిలవదని ముందే తెలుస్తుంది. అప్పుడు పంటల బీమా కోసం, ప్రకృతి విపత్తు సాయం కోసం పోరాడాలి. ఎవరి మీద పోరాడాలో తెలిసి పోరాడటం సగం గెలుపు.

ఈ సీజన్‌లో ఏం చేద్దాం

ప్రతి గ్రామ శాఖలో కనీసం ఇద్దరు ముగ్గురు రైతులు ఈ సీజన్‌లో పక్క సాలు పెట్టాలని కోరుతున్నాం. ఎకరా అంతా అక్కరలేదు. పొలంలో ఒకేలా ఉన్న భాగం చూసి, ఆరేసి సాళ్ల చొప్పున నాలుగు పట్టీలు గుర్తు పెట్టండి. రెండు పట్టీల్లో కొత్త విత్తనం, రెండు పట్టీల్లో ఇప్పటిదాకా వేస్తున్న విత్తనం. ఏ పట్టీకి ఏది అన్నది నాణెం ఎగరేసి తేల్చండి. ఒకే రోజు విత్తండి, ఒకే ఎరువు, ఒకే దుక్కి, ఒకే కలుపు. మందు పరీక్షిస్తుంటే విత్తనం మార్చొద్దు, విత్తనం పరీక్షిస్తుంటే మందు మార్చొద్దు. ఒక పట్టీకి కొట్టిన మందు గాలికి పక్క పట్టీ మీద పడుతుంది కాబట్టి అంచు సాళ్లు వదిలేసి నడిమి నాలుగు సాళ్ల పంటనే తూకం వేయండి. పత్తి అయితే అన్ని తీతలూ కలిపి లెక్క కట్టండి. తూకం వేసే మనిషికి ఏ బస్తా ఏ పట్టీదో చెప్పకండి.

ఖర్చు కూడా పట్టీల వారీగా రాయండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్టు, దాని మీది లాట్ నంబరు, గుప్పెడు విత్తనం దాచండి. కోర్టు అడగకపోయినా ఉంటే మేలే. వాన పడిన తేదీలు ఒక నోటుబుక్కులో రాయండి.

ఒక్క చేను ఫలితంతో ఊరంతా నిర్ణయం తీసుకోవద్దు. పది చేలు కలిపి చూడాలి. అసలు తేడా ఏమీ లేకపోయినా పది చేలలో అయిదారు చోట్ల కొత్తది గెలిచినట్టు కనిపించవచ్చు. నాణెం పదిసార్లు ఎగరేస్తే బొమ్మ అయిదారుసార్లు పడటంలో వింత లేదు. ఎనిమిది, అంతకు మించి పడటం మాత్రం నూటికి అయిదారుసార్లే జరుగుతుంది. కాబట్టి పదింట ఎనిమిది చేలలో కొత్త విత్తనం గెలిస్తే దాని మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు. మరుసటి ఏడాది కూడా నిలబడితే ఇంకాస్త. మండల కమిటీలు ఈ నోటుబుక్కులన్నీ ఒకచోట చేర్చాలి. ఓడిన పట్టీల లెక్క కూడా ఈ పత్రికలో వేస్తాం. గెలిచినవాటిని మాత్రమే చెప్పడం కంపెనీల పని.

ప్రభుత్వాలను కొన్ని కోరుతున్నాం. కంపెనీ ఏ గ్రామంలో డెమో పెట్టినా, పక్కనే ఆ ఊరి రైతులు ఎంచుకున్న రకంతో చెక్ ప్లాట్ తప్పనిసరి చేయాలి. ఆ పొలాన్ని కంపెనీ ఏజెంటు కాకుండా చీటీ వేసి ఎంపిక చేయాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు జిల్లాల వారీగా చేసిన పరీక్షల ఫలితాలను, విఫలమైనవాటితో సహా, విత్తనాలు కొనే కాలానికి ముందే తెలుగులో రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో గోడ మీద అంటించాలి. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లని ప్రకటించే ప్రతి కంపెనీ ఏ జిల్లాలో, ఏ నేలలో, నీటి వసతితోనా వానాధారంగానా, దేనితో పోల్చి ఆ లెక్క చెబుతోందో అదే ప్రకటనలో చెప్పాలి. ప్రభుత్వ రంగ సంస్థల ద్వారా బీటీ లేని మంచి పత్తి విత్తనం అందుబాటులోకి తేవాలి. విత్తన నష్టపరిహారం విచారణలో రైతు వేసిన పక్క సాలును సాక్ష్యంగా నమోదు చేయాలని వ్యవసాయాధికారులకు ఆదేశాలివ్వాలి.

ఇవి నెరవేరే దాకా రైతు ఆగనక్కర్లేదు. కంపెనీ మనిషి ఊళ్లోకి వచ్చి ఫలానా రకానికి ఎకరాకు ఇంత వచ్చిందని చెబితే అతనితో తగవు పడొద్దు. దేని పక్కన పెట్టి చూశారు, మిగతావన్నీ ఒకటేనా, ఎన్ని చేలలో, ఎన్నేళ్లు అని అడగండి. జవాబు వస్తే రాసుకోండి. రాకపోతే ఆ ప్యాకెట్టు అతని చేతిలోనే ఉండనివ్వండి. కొనాలనే అనిపిస్తే ఎకరాకంతటికీ కొనకుండా రెండు పట్టీలకు సరిపడా కొని, మీ పొలంలో మీ పక్క సాలుతో మీరే తేల్చుకోండి.